మీ టెస్ట్ కంటే ముందు మీ అత్తగారి టెస్ట్

ప్రశ్న:

మేడమ్, మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో ఉంటున్నాం. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. పాపకు ఏడేళ్ళు, బాబుకు మూడేళ్ళు. ఆమధ్య మా అన్నకు మెడలో గడ్డ కనిపిస్తే వెల్లూరులో చూపించుకున్నాడు. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని ఆపరేషన్ చేశారు. తర్వాత రక్తం తీసి జీన్ టెస్ట్ చేస్తే రెట్ అనే జీన్‌లో 634 దగ్గర మార్పు ఉందని వచ్చింది. ఇది వంశంలో వచ్చేదని, నేనూ మా చెల్లీ కూడా టెస్ట్ చేయించుకోవాలని, నాకు ఉంటే పిల్లలకూ చేయాలని డాక్టర్లు చెప్పారు. మా అత్త ససేమిరా అంటోంది. "మా పుట్టింట్లో ఎవరికీ క్యాన్సర్ లేదు, ఇదంతా మీ అమ్మ వైపు నుంచి వచ్చిందే, బంగారంలాంటి పిల్లలకు రక్తం తీసి లేనిపోని జబ్బు అంటగడతావా" అని గొడవ. మా నాన్న చాలా ఏళ్ళ కిందట హెర్నియా ఆపరేషన్‌కి వెళ్ళి టేబుల్ మీదే పోయారు. బీపీ ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిందన్నారు, అంతకుమించి మాకేమీ తెలియదు. అత్తకి మెడ దగ్గర చిన్న గడ్డ ఎప్పటినుంచో ఉంది, థైరాయిడ్ టెస్ట్ నార్మల్ అని వచ్చింది కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఆమెకి బీపీ ఉంది, అప్పుడప్పుడు తలనొప్పి, చెమటలు, గుండె దడ, అదంతా టెన్షన్ వల్లే అంటారు. వచ్చే నెల ఆమెకి ఇక్కడే గాల్‌బ్లాడర్ రాళ్ళకి ఆపరేషన్ ఉంది. అది అయ్యాక ఈ టెస్టుల సంగతి మాట్లాడదాం అంటున్నారు మా ఆయన. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, దానికి ఏమీ చెప్పొద్దని అమ్మ నాతో ఒట్టు పెట్టించుకుంది. నేను టెస్ట్ చేయించుకోవాలా? మేనరికం చేసుకున్నందుకే ఇలా జరిగిందా? పిల్లల్ని ఏం చేయాలి?

— పేరు వద్దు, బెంగళూరు

జవాబు:

అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. కానీ మీరు అడగని విషయంతో మొదలుపెడుతున్నాను, ఎందుకంటే దానికే టైము తక్కువ ఉంది. వచ్చే నెల మీ అత్తగారికి జరగబోయే ఆపరేషన్. అది అయ్యాక ఈ టెస్టుల గురించి మాట్లాడదాం అనుకుంటున్నారు కదా, దాన్ని తిరగేయండి. ఆమెకు ఒక్క పరీక్ష అయ్యేదాకా ఆ ఆపరేషన్ జరగకూడదు.

ఎందుకో చెబుతాను. మీ అన్నయ్య రిపోర్టులో ఉన్న మార్పు వల్ల వచ్చేదాన్ని మెన్ 2ఎ అంటారు. పాత డాక్టర్లు కొందరు సిపుల్ సిండ్రోమ్ అని కూడా అంటారు, 1961లో దీని గురించి రాసిన డాక్టరు పేరు మీద. ఇందులో థైరాయిడ్‌లో వచ్చే మెడల్లరీ క్యాన్సర్ ఒక్కటే కాదు, ఈ 634 మార్పు ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో కూడా గడ్డ వస్తుంది. దాని పేరు ఫియోక్రోమోసైటోమా. ఆ గడ్డ మామూలుగా క్యాన్సర్ కాదు. కానీ భయం వేసినప్పుడు మన ఒంట్లో ఊరే అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అది వేళాపాళా లేకుండా రక్తంలోకి వదులుతుంది. వదిలినప్పుడల్లా తల పగిలిపోయేలా నొప్పి, ఒళ్ళంతా చెమటలు, గుండె దడదడ, బీపీ ఎక్కడికో వెళ్ళిపోవడం, కాసేపటికి మళ్ళీ మామూలు మనిషి. మీ ఉత్తరంలో అత్తగారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదువుకోండి.

ఇది ఉందని తెలియకుండా మత్తు ఇచ్చి కడుపు మీద చెయ్యి పెడితే, ఆ గడ్డ ఒక్కసారిగా హార్మోన్లను కుమ్మరించవచ్చు, టేబుల్ మీదే బీపీ అదుపు తప్పి ప్రాణం మీదకు రావచ్చు. ముందే తెలిస్తే మాత్రం పరిస్థితి వేరు. ఆల్ఫా బ్లాకర్ అనే మందులు వారం నుంచి రెండు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు వాడి, బీపీ నిలకడగా చేసి, ముందు ఆ అడ్రినల్ గడ్డ తీసేస్తారు. మిగతా ఆపరేషన్లన్నీ దాని తర్వాతే, అది గాల్‌బ్లాడర్ అయినా సరే, మెడ ఆపరేషన్ అయినా సరే.

మీ అత్తగారికి ఇది ఉందని నేను అనడం లేదు. బీపీ, చెమటలు, దడ ఆ వయసులో లక్ష కారణాల వల్ల వస్తాయి. కానీ రెట్ మార్పు బయటపడిన కుటుంబంలో, మెడ మీద గడ్డ ఉన్న మనిషికి, ఈ మూడు లక్షణాలూ ఉన్నప్పుడు "టెన్షన్" అనే మాట చివరన రావాలి, మొదట కాదు.

కాబట్టి ఈ వారంలోనే ఆమె సర్జన్‌కి ఫోన్ చేయండి, లేదా మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. మీ అన్నయ్య జీన్ రిపోర్టు జిరాక్స్ చేతిలో పెట్టి, "ఈవిడ మా నాన్న చెల్లెలు, మా నాన్న ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పెరిగి పోయారు, ఈవిడకి మెటానెఫ్రిన్ టెస్ట్ చేయకుండా మత్తు ఇవ్వొద్దు" అని ఇంతే మాటల్లో చెప్పండి. ఏ సర్జనూ, ఏ మత్తు డాక్టరూ ఈ మాట విని తేలిగ్గా తీసుకోరు. రాళ్ళ వల్ల కామెర్లో జ్వరమో వచ్చి అర్జెంటుగా చేయాల్సి వస్తే అది వాళ్ళు నిర్ణయిస్తారు, కానీ తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

మెటానెఫ్రిన్లు అంటే ఆ అడ్రినల్ గడ్డ వదిలే హార్మోన్లు విరిగితే ఏర్పడేవి. వాటిని కొలిచే ఆ టెస్ట్ రక్తంతో చేస్తారు, లేదా 24 గంటల యూరిన్ పట్టి చేస్తారు. రక్తం అయితే కనీసం ఇరవై నిమిషాలు, అరగంట పడుకోబెట్టి, పడుకుని ఉండగానే తీయాలి. ల్యాబ్‌కి ఆటోలో వెళ్ళి, మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే లేని జబ్బు కూడా ఉన్నట్టు చూపించవచ్చు, ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ అనవసరంగా కంగారు. కొన్ని డిప్రెషన్ మందులు, ముక్కు దిబ్బడకు వాడే జలుబు మందులు కూడా అంకెల్ని మార్చేస్తాయి, అందుకే ఆమె వేసుకునే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. బీపీ మాత్రల్లో బీటా బ్లాకర్ ఉందేమో కూడా అడగండి. ఈ గడ్డ ఉన్నవాళ్ళకు ముందుగా ఆల్ఫా బ్లాకర్ ఇవ్వకుండా అదొక్కటే ఇస్తే బీపీ ఇంకా పెరగవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకి చూపించండి.

ఇక ఆ మెడ మీది గడ్డ. "థైరాయిడ్ టెస్ట్ నార్మల్" అన్న మాట వల్ల ఇలాంటి కుటుంబాల్లో ఏళ్ళకేళ్ళు పోతాయి. మనందరికీ తెలిసిన టి3, టి4, టి.ఎస్.హెచ్. పరీక్ష థైరాయిడ్ ఎంత పని చేస్తోందో చెబుతుంది, అందులో క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. మెడల్లరీ క్యాన్సర్ పుట్టేది థైరాయిడ్ హార్మోన్ తయారు చేసే కణాల్లో కాదు, వాటి మధ్య అక్కడక్కడా ఉండే సి కణాలు అనే వేరే రకం కణాల్లో. అవి వదిలేది కాల్సిటోనిన్. గడ్డ ఎంత పెద్దదయినా టి.ఎస్.హెచ్. చక్కగా నార్మల్ ఉంటుంది. ఆమెకు కావాల్సింది కాల్సిటోనిన్ రక్తపరీక్ష, మెడ అల్ట్రాసౌండ్, వీటితోపాటు రెట్ టెస్ట్. మీ ఇంట్లో అందరికన్నా ముందు జీన్ టెస్ట్ అవసరమైన మనిషి ఆమే.

మీ నాన్నగారి సంగతికి వస్తే, ఇన్నేళ్ళ తర్వాత ఆయనకు ఏం జరిగిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, చెబితే అది అన్యాయం. కానీ తెలుసుకునే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఇలాంటి లక్షణాలతోనే చనిపోతే, పోస్ట్‌మార్టంలో రెండు వైపులా అడ్రినల్ గడ్డలు కనిపించాయి. ఈ జబ్బు గురించి వైద్యంలో ఉన్న మొట్టమొదటి వర్ణన అదే. నూట ఇరవై ఏళ్ళ తర్వాత, 2007లో, డాక్టర్లు ఆమె బంధువుల వంశాన్ని వెతికి పట్టుకుని బతికున్నవాళ్ళ రక్తం పరీక్షిస్తే రెట్ జీన్‌లో మార్పు దొరికింది, అదీ ఈ 634 స్థానంలోనే. పోయినవాళ్ళ గురించి ఉన్నవాళ్ళ రక్తం చెబుతుందమ్మా. మీ అమ్మగారికి, మీ అత్తగారికి టెస్ట్ చేస్తే మీ నాన్నగారి విషయం చాలావరకు తేలిపోతుంది. అమ్మకు లేకుండా అత్తకు ఉంటే, అది ఆయన నుంచి వచ్చిందన్నమాట. ఇద్దరికీ లేకపోతే నాన్నగారికి ఉండి అత్తగారికి రాకపోయి ఉండవచ్చు, లేదా నాన్నగారిలో గానీ అన్నయ్యలో గానీ కొత్తగా మొదలై ఉండవచ్చు. అలా కొత్తగా మొదలవడం మెన్ 2ఎలో తక్కువే, కానీ ఉంది. "మీ అమ్మ వైపు నుంచి వచ్చిందే" అన్న మాట నిజమో కాదో కూడా అక్కడే తేలుతుంది. ఎటువైపు నుంచి వచ్చినా అది ఎవరి తప్పూ కాదు, కానీ ఎటో తెలిస్తే ఎవరెవర్ని పిలవాలో తెలుస్తుంది. నాన్న వైపు అయితే మీ పెదనాన్న, చిన్నాన్నల పిల్లలు కూడా ఈ వరుసలోకి వస్తారు.

మేనరికం గురించి. లేదు, మేనరికం వల్ల ఇది రాలేదు. దగ్గరి సంబంధాల్లో పెళ్ళి వల్ల ఎక్కువయ్యే జబ్బులు వేరు, వాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన కాపీలు కలవాలి. ఇది అలా కాదు. రెట్‌లో ఒక్క కాపీ మారితే చాలు. బయటి సంబంధం చేసుకున్నా మీ అన్నయ్యకు వచ్చేదే, ఎందుకంటే అది ఆయన పుట్టుకతోనే వచ్చింది, మీ పెళ్ళితో కాదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. తరం దాటి రావడం కూడా ఉండదు, మీకు లేకపోతే మీ నుంచి మీ పిల్లలకు వెళ్ళదు.

అయితే మేనరికం వల్ల మీ ఇంట్లో ఒక లెక్క మారింది, దాన్ని ఎవరైనా మీకు చెప్పారో లేదో. మామూలుగా అయితే మీకు టెస్ట్ నెగెటివ్ వస్తే పిల్లల సంగతి అక్కడితో అయిపోయేది. మీ ఆయన మీ మేనత్త కొడుకు కాబట్టి, ఒకవేళ మీ అత్తగారికి ఈ మార్పు ఉంటే, ఆయనకూ సగం అవకాశం ఉంది. అంటే మీ పిల్లలకు రెండు వైపుల నుంచీ దారి ఉంది. మీకు నెగెటివ్ వచ్చిందని సంతోషపడి పిల్లల్ని వదిలేస్తే అది ఆయన వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. అందుకే మొదటినుంచీ అత్తగారి టెస్ట్ అని అంటున్నాను. ఆమెకు నెగెటివ్ వస్తే మీ ఆయనకు టెస్టే అక్కర్లేదు, ఇంట్లో సగం గొడవ ఒక్క రోజులో తీరిపోతుంది. ఆమెకు పాజిటివ్ వస్తే మీ ఆయన కూడా చేయించుకోవాలి. ఒకవేళ మీ ఇద్దరికీ ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ కనీసం ఒక కాపీ వచ్చే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఇంత దూరం ఆలోచించి ఇప్పుడే భయపడకండి, ఇది లెక్క మాత్రమే.

మీరు చేయించుకోవాలా అంటే, చేయించుకోవాలి, సందేహం లేదు. జీన్ టెస్టులన్నిటికీ నేను ఈ మాట చెప్పను. తెలుసుకున్నా చేయడానికి ఏమీ లేని జబ్బులు ఉన్నాయి, అక్కడ తెలుసుకోకుండా ఉండటం కూడా ఒక మనిషి హక్కే. కానీ రెట్ అలాంటిది కాదు. ట్యాంకు నిండినా ఆగని మోటారులా, మారిన రెట్ ప్రోటీన్ ఏ సంకేతమూ రాకుండానే కణాన్ని పెరుగు పెరుగు అంటూనే ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఈ 634 మార్పు ఉన్న దాదాపు ప్రతి ఒక్కరికీ మెడల్లరీ క్యాన్సర్ వస్తుంది. ముందే తెలిస్తే క్యాన్సర్ పుట్టకముందే, లేదా పక్కకు పాకకముందే థైరాయిడ్ తీసేయవచ్చు. ఒక రక్తపరీక్షతో క్యాన్సర్‌ని రాకుండా ఆపగలిగే జబ్బులు వైద్యంలో ఎన్నో లేవు. ఈ జీన్‌కీ మెన్ 2ఎకీ సంబంధం ఉందని 1993లో కనుక్కున్నారు. అంతకు ముందు ఇలాంటి కుటుంబాల్లో పిల్లలందరికీ ఏటేటా సూదులు గుచ్చి కాల్సిటోనిన్ చూస్తూ ఉండేవాళ్ళు, సగం మందికి అది పూర్తిగా అనవసరం అని తెలియకుండానే.

టెస్ట్ చాలా చిన్నది. మామూలు రక్తం, ఉపవాసం కూడా అక్కర్లేదు, రిపోర్టుకి కొన్ని వారాలు పడుతుంది. మీ అన్నయ్యకు ఏ మార్పు ఉందో అక్షరం అక్షరం తెలుసు కాబట్టి, మీ అందరికీ ఆ ఒక్క చోటే చూస్తే చాలు, పెద్ద పెద్ద ప్యానెళ్ళు అక్కర్లేదు, వాటి ఖర్చులో ఇది చిన్న భాగమే. ఎవరైనా "మొత్తం జీన్లన్నీ చూసేద్దాం" అంటే, తెలిసిన మార్పు ఒక్కటే చూడమని గట్టిగా చెప్పండి. అనవసరంగా అన్నీ చూస్తే, మంచిదో చెడ్డదో ఇంకా తేలని మార్పులు ఏవో ఒకటి రెండు బయటపడి, వాటితో ఇంకో కొత్త దిగులు మొదలవుతుంది. ఉమ్మి పంపిస్తే ఆరోగ్య జాతకం చెబుతామనే ఆన్‌లైన్ కిట్లతో ఈ పని అస్సలు చేయకండి, వాటిలో ఈ స్థానం చూస్తారన్న నమ్మకం లేదు.

ఎక్కడ అంటే, అన్నయ్య ఫైలు వెల్లూరు సి.ఎం.సి.లోనే ఉంటే అక్కడికే వెళ్ళడం తేలిక, మీకు కాట్పాడి ఎంత దూరం, ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడ ఉంటారు. బెంగళూరులోనే కావాలంటే ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉంది, సెయింట్ జాన్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. ఎక్కడైనా సరే, నేరుగా ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చి రావొద్దు, ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తోనో ఎండోక్రైనాలజిస్టుతోనో కూర్చోండి. మీ తాతగారి దగ్గర్నుంచి ఎవరెవరు, ఎవరు ఏ వయసులో ఎలా పోయారు, ఎవరికి మెడ గడ్డ, ఎవరికి బీపీ, ఎవరికి కిడ్నీలో రాళ్ళు, అన్నీ ఒక కాగితం మీద గీసుకుని వెళ్ళండి. కిడ్నీ రాళ్ళు ఎందుకంటే, ఈ మార్పు ఉన్నవాళ్ళలో కొందరికి థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు కూడా ఎక్కువ పనిచేసి, రక్తంలో కాల్షియం పెరిగి, కిడ్నీలో రాళ్ళు కట్టవచ్చు.

ఇప్పుడు పిల్లలు. పెద్దయ్యాక వచ్చే జబ్బులకైతే పిల్లలకు జీన్ టెస్ట్ చేయొద్దని, పద్దెనిమిదేళ్ళు వచ్చాక వాళ్ళే నిర్ణయించుకోవాలని అంటారు, నేనూ అదే అంటాను. ఇక్కడ అది కుదరదు, ఎందుకంటే చేయాల్సిన పని చిన్నతనంలోనే ఉంది. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 634 మార్పుని హై రిస్క్‌లో పెట్టి, ఐదేళ్ళ వయసుకో అంతకంటే ముందో, కాల్సిటోనిన్ అంకెను బట్టి, థైరాయిడ్ తీసేయమన్నారు. మీ పాపకు ఏడేళ్ళు కదా, ఇది చదవగానే మీ గుండె జారిపోయి ఉంటుంది. ఆగండి. పాపకు అసలు ఉందో లేదో తెలియదు. ఉన్నా, ఐదేళ్ళు దాటగానే క్యాన్సర్ వచ్చేసిందని కాదు. ఉందని తేలితే వెంటనే కాల్సిటోనిన్, మెడ స్కాన్ చూస్తారు, కాల్సిటోనిన్ మామూలుగా ఉంటే ఆపరేషన్‌తో చాలా మంచి ఫలితం వస్తుంది. నెలల తరబడి వాయిదా వేయకండి, అలాగని రేపే పరుగెత్తాల్సిన పనీ లేదు. మీ టెస్ట్, మీ అత్తగారి టెస్ట్ ఒకేసారి ఇచ్చేస్తే కొన్ని వారాల్లో పిల్లలకు అవసరమో కాదో తెలుస్తుంది. అత్తగారు ఎంతకీ ఒప్పుకోకపోతే ఆమె కోసం ఆగొద్దు, మీరూ మీ ఆయనా ఇచ్చేయండి, అది చాలు.

ఆపరేషన్ అంటే ఏమిటో కూడా చెప్పాలి, మీ అత్తగారి మనసులో ఉన్నది బహుశా "ఆడపిల్ల మెడ మీద గాటు పడితే రేపు పెళ్ళెలా" అన్నదే. గాటు మెడ ముడతలో కలిసిపోయేలా పెడతారు, కొన్నేళ్ళకు వెతికితే గానీ కనిపించదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర, జీవితాంతం. మన చుట్టూ ఎంతమంది ఆ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని కని పెంచుకుంటున్నారో చూడండి. అసలు జాగ్రత్త వేరేచోట ఉంది. చిన్నపిల్లల్లో పారాథైరాయిడ్ గ్రంథులు బియ్యపుగింజంత కూడా ఉండవు, అవి దెబ్బతింటే కాల్షియం పడిపోయి జీవితాంతం ఇబ్బంది. గొంతుకి వెళ్ళే నరం తగిలితే స్వరం మారుతుంది. కాబట్టి ఇంటికి దగ్గరని కాకుండా, పిల్లలకు థైరాయిడ్ ఆపరేషన్లు బాగా చేసిన చెయ్యిని వెతకండి. "మీరు పిల్లలకు ఎన్ని చేశారు" అని సర్జన్‌ని మొహం మీదే అడగండి, మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. మార్పు ఉన్న పిల్లలకు అడ్రినల్, కాల్షియం పరీక్షలు పదకొండేళ్ళ వయసు నుంచి ఏటా చేయించాలి, ఇది డాక్టరు గుర్తు చేయకపోయినా మీరు గుర్తుపెట్టుకోండి.

పిల్లలకు నెగెటివ్ వస్తే? తెలిసిన మార్పు, ఆ చోటే చూశారు, లేదు అని వచ్చింది అంటే నిజంగానే లేదు. స్కానులు, ఏటేటా టెస్టులు ఏమీ వద్దు, అందరు పిల్లల్లాంటి పిల్లలే. ఇది కూడా టెస్ట్ ఇచ్చే ఫలితమే, మనం ఎప్పుడూ చెడ్డ జవాబు గురించే ఆలోచిస్తాం.

మీ చెల్లెలి దగ్గర నేను మీ అమ్మగారితో ఏకీభవించలేను. ఆమె భయం నాకు అర్థమవుతుంది, భర్తను పోగొట్టుకుని పిల్లల్ని పెంచుకొచ్చిన మనిషి, కొడుక్కి క్యాన్సర్ ఆపరేషన్ చూసింది, ఇప్పుడు సంబంధం చెడిపోతుందేమోనని వణికిపోతోంది. కానీ ఇది మీ చెల్లెలి ఒంటి సంగతి. ఒట్టు పెట్టించుకున్నంత మాత్రాన దాన్ని ఆమెకు తెలియకుండా దాచే హక్కు మీకూ లేదు, అమ్మకూ లేదు. పైగా ఆమెకు ఇదే సరైన సమయం. అడ్రినల్ గడ్డ ఉండి తెలియకుండా గర్భం దాలిస్తే, కాన్పు సమయంలో తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం, ఆ బీపీని గర్భం వల్ల వచ్చిన బీపీ అనుకుని పొరపడటం కూడా జరుగుతుంది. అమ్మ దగ్గరకు వెళ్ళి "ఒట్టు తీసేసుకో, నువ్వే చెప్పు, లేకపోతే ఆదివారం నేను చెబుతాను" అనండి. చెప్పాక టెస్ట్ ఎప్పుడు చేయించుకోవాలి, ఎవరికి చెప్పాలి అన్నది మీ చెల్లెలి ఇష్టం, తోయకండి. నా అభిప్రాయం అడిగితే, పెళ్ళిచూపుల్లో అందరి ముందూ చెప్పుకునే విషయం కాదు ఇది, మధ్యవర్తికీ అక్కర్లేదు. సంబంధం ఇద్దరికీ నచ్చి మాట ముందుకు వెళ్ళాక, తాంబూలాలు పుచ్చుకోకముందు, ఆ అబ్బాయితో ఆమే నేరుగా చెప్పాలి. రేపు పిల్లలకు రాకుండా ఐ.వి.ఎఫ్.లో పిండాన్ని ముందే పరీక్షించి పెట్టే పద్ధతి ఉంది, బెంగళూరులో చేస్తున్నారు, ఖర్చు మాత్రం ఎక్కువ. అది కూడా ఆ అబ్బాయికి తెలియనివ్వండి. అంతా విన్నాక వెనక్కి తగ్గే సంబంధం అయితే, పెళ్ళయ్యాక తెలిసి తగ్గడం కంటే ఇప్పుడే నయం.

మీ అత్తగారిని ఒప్పించడం గురించి. ఆమెతో "జీన్", "వంశం", "టెస్ట్" అన్న మాటలతో మొదలుపెట్టకండి, ఆ మాటలు ఆమె చెవిలో "మీ పుట్టింటి రక్తం మంచిది కాదు" అని వినిపిస్తున్నాయి. ఆమె మీకు అత్తగారు కాకముందు మేనత్త. మీ నాన్నగారు ఆమెకు తోడబుట్టినవాడు. "అత్తా, నాన్న అలా టేబుల్ మీద పోయారు, నిన్ను కూడా అలా పోగొట్టుకోలేను, ఒక్క రక్తపరీక్ష అయ్యాక ఆపరేషన్ పెట్టుకుందాం" అని అడగండి, అదీ నిజమే కదా. మీ ఆయన మీ పక్కన కూర్చుని అడగాలి, వంటింట్లో మీరొక్కరే కాదు. కొడుకు నోటి నుంచి వస్తే ఆమె వింటుంది. అప్పటికీ వినకపోతే ఆమెను సర్జన్ దగ్గర కూర్చోబెట్టి ఆయన చేత చెప్పించండి, ఆ పరీక్ష అవసరమని ఆయనకు అర్థమయ్యాక ఆయనే ఆపరేషన్ డేటు జరుపుతారు, ఇంట్లో మాట అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ మీ ఆయన అడుగుతారు. జన్యుపరమైన జబ్బు అనే పేరుతో హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. కూడా ఆ సాకుతో క్లెయిములు తిప్పికొట్టొద్దని కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఆయన ఆఫీసు గ్రూప్ పాలసీలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుందేమో హెచ్.ఆర్.ని అడిగి రాతలో తీసుకోండి, చాలా కంపెనీల్లో ఉంటుంది. కొత్తగా టర్మ్ పాలసీ తీసుకోవాలనుకుంటే టెస్ట్‌కి ముందు తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఫారంలో కుటుంబ చరిత్ర అడిగితే అన్నయ్య సంగతి ఉన్నదున్నట్టు రాయండి. దాచి తీసుకున్న పాలసీ అవసరానికి చెల్లకుండా పోవచ్చు.

చివరిగా, అన్నయ్యకు పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే వాళ్ళకు మీ పిల్లల కంటే ముందు టెస్ట్ కావాలి, వాళ్ళ తండ్రికి ఉందని తేలిపోయింది, సగం అవకాశం ఇప్పటికే ఖాయం. వదినతో ఈ రోజే మాట్లాడండి. అన్నయ్యకు ఆపరేషన్‌కి ముందు అడ్రినల్ పరీక్ష చేశారో లేదో ఫైల్లో చూడమనండి, చేసినా ఇక నుంచి ప్రతి ఏడూ చేయించుకోవాలి. కాల్సిటోనిన్, సి.ఇ.ఎ. అనే రెండు రక్తపరీక్షలు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం చేయించుకుంటూ, అంకెలన్నీ తేదీలతో ఒకే పుస్తకంలో రాసిపెట్టుకోమనండి, ఆ అంకె ఎంత ఉందన్నదానికంటే ఎంత వేగంగా పెరుగుతోందన్నదే డాక్టర్లకు ముఖ్యం.